గోలీల సందులలో నిలిచిన వంశము

కోసీనదికి మన పురాణములలో కౌశికి యని పేరు. విశ్వామిత్రుని సోదరి సత్యవతి లోకహితము గోరి నదీరూపమున హిమవంతమునుండి ప్రవహించెనని రామాయణ బాలకాండము చెప్పుచున్నది. నేపాళపు కొండలు దిగి, బిహారు మైదానములలో మాటిమాటికి త్రోవ మార్చుకొనుచు, ఒకయేట పండించిన పొలమును మరుయేట ముంచివేయుచు గంగలో కలియు ఈ నదియందు, పందొమ్మిదవ శతాబ్దపు తొలినాళ్లలో ఒక స్కాట్లండు వైద్యుడు, రెండంగుళములైన లేని ఒక చారల చేపను చూచి దాని లక్షణములను వ్రాసికొనెను. వెండివంటి మేనిపై తలనుండి తోకవరకు నీలిచారలు తీర్చిన ఆ చేపను కూరకై ఎవ్వరును ప్రత్యేకించి ఏరుకొనరు. సంతలో దానికి వెల యనునది లేదు. అట్టి అల్పప్రాణి నేడు భూమండలమునందలి నానాదేశముల గృహములలో గాజుతొట్లను అలంకరించుచున్నది. అంతకుమించి, మానవశరీరమునందలి రోగముల మూలమును వెదకు పరిశోధనాలయములలో వేలకొలది తొట్లను ఆక్రమించి యున్నది. పొలముగట్టు ప్రక్కనున్న మడుగునుండి అంతదూరము దానిని నడిపించినది రాజాజ్ఞయు కాదు, ధనికుల ద్రవ్యమును కాదు. వెదజల్లిన గ్రుడ్లను తల్లి నోటబడకుండ కాపాడు నొక చిన్న గృహవిద్య. ఆ విద్య యొక్క పూర్వోత్తరములను చెప్పుటకే ఈ వ్యాసము.

పైని చెప్పిన వైద్యుని పేరు ఫ్రాన్సిస్ బుకానన్. తరువాతి కాలమున హామిల్టన్ అను తల్లివైపు పేరును ధరించుటచే గ్రంథములలో అతడు బుకానన్-హామిల్టన్ అనియు, కేవలము హామిల్టన్ అనియు కానవచ్చుచున్నాడు. 1762 లో జన్మించి, ఈస్టిండియా కంపెనీ కొలువున వైద్యుడుగా చేరి, 1800 లో మదరాసునుండి బయలుదేరి మైసూరు, కన్నడ, మలబారు సీమలను చుట్టివచ్చి, ఆ పిదప 1807 మొదలు 1814 వరకు వంగదేశమునందలి జిల్లాలను ఒకదాని వెంట నొకటి సర్వే చేసెను. భూములు, పంటలు, వృత్తులు, ఆచారములు, ఆలయములు మున్నగు వానిని గూర్చి వివరములు సేకరించుట అతనికి అప్పగింపబడిన పని; నదులలోని మత్స్యములును ఆ వివరములలోనివే. దేశీయ చిత్రకారులచేత అతడు చేపల బొమ్మలు వ్రాయించెను. అయితే 1815 లో స్వదేశమునకు మరలునపుడు ఆ చిత్రములను కలకత్తాలోనే విడిచిపోవలసినదని గవర్నరు జనరలు శాసించుటచే, ఏండ్ల తరబడి కూర్చుకొనిన ఆ సంపదను వెంట గొనిపోవు భాగ్యము అతనికి లేకపోయెను. ఐనను అతడు పనిని విడువక, 1822 లో ఎడింబరో నగరమున గంగానదియందును దాని శాఖలయందును గల మత్స్యములను గూర్చి గ్రంథమును ప్రకటించెను. అందు వర్ణింపబడిన జాతులు 269. వానిలో ఒకటి మన చారల చేప. అతడు దానికిచ్చిన నామము 'సైప్రినస్ రెరియో'.

ఈ గ్రంథమునందు తెలుగువారు గమనింపదగిన విశేషమొకటి కలదు. పాశ్చాత్య పండితులు పెక్కురు ప్రాణులకు లాటిను, గ్రీకు పదములను అతికింపగా, హామిల్టన్ మాత్రము జాలరుల నోట విన్న దేశనామములను అనేక మత్స్యములకు అట్లే ఉంచెను. మన కృష్ణా గోదావరీ మండలములలో శీలవతి యనబడు చేపకు 'రోహిత' యనియు, బొచ్చెకు 'కట్ల' యనియు, ఎర్రమోసుకు 'మృగాల' యనియు శాస్త్రనామములు నిలిచినది ఈ కారణముచేతనే. నేడు ఈ చారల చేప శాస్త్రనామమున చేరియున్న 'డానియో' అను మాటయు వంగభాషనుండి గ్రహింపబడినదే. వరిపొలమునకు చెందినదని దాని భావము. అతనికంటె ముందుగా 1803 లో, మన విశాఖపట్టణతీరమున దొరకిన రెండువందల చేపలను వర్ణించి, చిత్రములతో రెండు సంపుటములు వెలువరించిన పాట్రిక్ రస్సెల్ అను వైద్యుడును చేపల దేశనామములను వదలక వ్రాసిపెట్టినవాడే. పేరులేని బెస్తవాని మాట ఈ విధముగా విజ్ఞానకోశమున చోటు చేసికొనినది. కాని మాట నిలిచినంతగా, ఆ మాట నేర్పినవాని పేరు నిలువలేదు. ఈ సంగతి నేను ముందు చెప్పబోవు కథలో మరల మరల కనుపించును.

చారల చేప వర్షర్తువున సంతానమును వృద్ధిచేసికొను ప్రాణి. తొలకరి నీరు పొలములలోనికి, కాలువల అంచులలోనికి వ్యాపించినపుడు, ప్రవాహవేగము లేని లోతు తక్కువైన నీటిలో, గులకరాళ్లును గడ్డిదుబ్బులును ఉన్నచోట ఇది గ్రుడ్లను వెదజల్లును. గూడు కట్టుట దీనికి తెలియదు. కొన్ని చేపలు నురుగుతో పానుపు వేసి దానిక్రింద గ్రుడ్లనుంచి కాచును. కొన్ని నోటిలోనే పిల్లలను మోయును. మరికొన్ని కడుపులోనే పొదిగి ఈదగల పిల్లలను కనును. ఇది మాత్రము గ్రుడ్లను నీటిలో చల్లి, వెనుదిరిగి చూడక సాగిపోవును. చూచినచో మరింత కష్టము. ఏలయన, తాను విడిచిన గ్రుడ్డే తనకు కనుపించినపుడు ఆహారమని భావించి మ్రింగును. విశాలమైన పొలపు నీటిలో ఈ గుణమువలన వంశమునకు హాని లేదు. గ్రుడ్లు రాళ్ల సందులలోనికి జారిపోవును, చేపలు ముందుకు సాగిపోవును. నాలుగు గాజుపలకల నడుమ బంధించినపుడు ఆ గుణమే వంశనాశకరమగును. చల్లినవారే అచ్చటనే తిరుగుచు, ఒక్కగ్రుడ్డైన మిగులకుండ ఏరుకొని తిందురు.

ఐరోపాలో ఇంటియందు చేపల తొట్టి నుంచుకొను వేడుక పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమున వ్యాపించినది. లండను జంతుప్రదర్శనశాలలో 1853 లో మత్స్యగృహము తెరువబడెను. మరుసటి యేట ఫిలిప్ హెన్రీ గాస్ 'అక్వేరియం' అను పేరుతో గ్రంథము ప్రకటించెను. 1856 లో రోస్‌మాస్లర్ అను జర్మను విద్వాంసుడు, గాజులోని సరస్సు అను అర్థమిచ్చు శీర్షికతో ఒక జనరంజక పత్రికలో వ్యాసము వ్రాసి, మంచినీటి మొక్కలును చేపలును ఒకదాని నొకటి పోషించుకొను చిన్నలోకమును సామాన్యగృహస్థు తన బల్లమీద నిలుపుకొనవచ్చునని బోధించెను. బెర్లినులో 1888 లో ట్రైటన్ అను సంఘము వెలసినది. తొట్టిక్రింద దీపముంచియో, గ్యాసుమంట నుంచియో నీటిని వెచ్చపరచుచు, ఉష్ణదేశపు చేపలను శీతదేశపు చలికాలమున బ్రతికించుటకు ఈ గృహస్థులు పడిన పాట్లు సామాన్యములు కావు. నావికుల డబ్బాలలో వచ్చిన చేపలు త్రోవలోనే పెక్కు చచ్చుచుండెను. బ్రతికినవానికి వెల మిక్కుటము. అందుచేత, కొనిన జంటనుండి పిల్లలను పుట్టించుట వినోదమే కాక అవసరమునై యుండెను. ఇరువదవ శతాబ్ది ఆరంభదశలో చారల చేప ఈ తొట్లలో ప్రవేశించినది. చలిని కొంత ఓర్చును, ఏది పెట్టినను తినును, ఇతరులతో కలహింపదు. గ్రుడ్లు చల్లు చేపలను పెంచగోరు ప్రారంభకునకు ఇదియే తొలిపాఠమని పెంపకందారులు గుర్తించుటకు ఎంతో కాలము పట్టలేదు.

ఆ తొలిపాఠమున నేర్వవలసిన ముఖ్యవిషయ మొక్కటే: గ్రుడ్డు తల్లిదండ్రుల కంటబడకూడదు. దానికి వారు కనిపెట్టిన ఉపాయము బాలుర జేబులోనే యున్నది. తొట్టి యడుగున గాజుగోలీలను రెండు వరుసలుగా పరచిరి. నీటికంటె బరువైన గ్రుడ్డు క్రిందికి జారి గోలీల సందులలో దిగును. దేనికిని అంటుకొను స్వభావము దానికి లేదు గావున అడుగువరకు తిన్నగా పోవును. చేపమూతి ఆ సందులలో దూరదు. గోలీలు దొరకనివారు గులకరాళ్లు వేసిరి, సన్నని ఆకుల నాచుమొక్కలను దట్టముగా నింపిరి, గాజుకడ్డీలను వరుసగా పేర్చిరి, వల బిగించిరి. నీరు అయిదారంగుళములకు మించి పోయకుండుటలోను అంతే యాలోచన కలదు: గ్రుడ్డు ఎంత లోతు పడవలసియున్న, దారిలో దానిని నోట కరచుకొనుటకు చేపకు అంత వ్యవధి దొరకును. కోసీతీరమున గులకరాళ్లు చేసిన రక్షణమునే బెర్లినులో గోలీలు చేసినవి.

ఈ తంతును ఒక్కసారి కన్నులార చూచినవాడు మరువజాలడు. ముందటి సాయంకాలమే, నాలుగు దినములు నిలువయుంచిన నీటిని తొట్టిలో పోసి, కడుపు గుండ్రనై వెండివలె మెరయు ఆడుచేపను ముందుగాను, సన్నని మేనిపై పసిమిచాయ కలిగిన మగచేపలను రెంటిని పిమ్మటను విడిచి, తొట్టిపై గుడ్డ కప్పుదురు. రాత్రియంతయు ఏమియు జరుగదు. తెల్లవారి గుడ్డ తొలగించినంతనే, కిటికీనుండి తొలివెలుగు నీటిలో పడును; అదియే వానికి ముహూర్తము. మగచేప ఆడుదాని ప్రక్కన చేరి ముక్కుతో పొట్టను తాకుచు, చుట్టును తిరుగుచు, తొట్టి ఈమూలనుండి ఆమూలకు తరుముకొనిపోవును. ఒకచోట రెండును ప్రక్కప్రక్కల నిలిచి క్షణకాలము వడవడ వణకును. ఆ వణకులో ఐదో, పదియో గ్రుడ్లు రాలి, వెలుతురులో మెరసి, గోలీల నడుమ మాయమగును. మరల పరుగు, మరల వణకు. ప్రొద్దు బారెడెక్కు నప్పటికి వందల గ్రుడ్లు చల్లుట ముగియును. ఆ క్షణమునుండి పెద్దచేపలు శత్రువులే. వానిని వెంటనే వేరుతొట్టికి మార్చని పెంపకందారుడు మధ్యాహ్నమునకు వట్టి గోలీలనే చూచును.

గ్రుడ్డు ఆవగింజలో సగమైనను ఉండదు. దాని వ్యాసము మిల్లీమీటరులో పదింట ఏడువంతులు మాత్రమే. కాని అది గాజుపూస వలె పారదర్శకమగుటచే, చిన్న భూతద్దముతో సృష్టి యెట్లు సాగునో కన్నులయెదుట కనబడును. ఇరువదియెనిమిది డిగ్రీల వెచ్చదనమున, సుమారు ముప్పావుగంటలో ఒక కణము రెండగును. ఆ పిదప పావుగంట కొకమారు రెట్టింపగుచుండును. ఒక దినము గడచునప్పటికి కన్నుల గుర్తు, తోక, కొట్టుకొన నారంభించిన గుండె కానవచ్చును. తెల్లబారి దూదివలె నైన గ్రుడ్డు చచ్చినదని ఎరిగి, ఇతర గ్రుడ్లకు బూజు పట్టకుండ పెంపకందారుడు దానిని గొట్టముతో పీల్చి పారవేయును. రెండుమూడు దినములలో పొర చినిగి, దారపుపోగువంటి పిల్ల వెలువడి, గాజునకో ఆకునకో తల అంటించుకొని వ్రేలాడును. ఐదవనాటికి గాలితిత్తి నిండి, తిన్నగా ఈదనేర్చును.

అంతటినుండి మరియొక చిక్కు. పిల్ల నోరు సూదిమొనకంటె చిన్నది; దానిలో ఏమి పట్టును? ఎండుగడ్డిని నానబెట్టిన నీటిలో కొలదిదినములకు పుట్టు సూక్ష్మజీవులను చుక్కచుక్కగా తొట్టిలో వేయుట తొలినాటి పద్ధతి. ఉడికించిన కోడిగ్రుడ్డు పచ్చసొనను పలుచని గుడ్డలో మూటగట్టి నీటిలో ఆడించువారును కలరు. అది రవ్వంత ఎక్కువైనను నీరు చెడి, పిల్లలన్నియు ఒక్కరాత్రిలో నశించును. ఈ కష్టమును తగ్గించినది ఉప్పునీటి చెరువులలో పెరుగు ఆర్టీమియా అను పురుగురొయ్య. దాని గ్రుడ్లు ఎండి పొడివలెనై యేండ్ల తరబడి నిలువయుండును. ఉప్పునీటిలో వేసినచో ఒకటి రెండు దినములలో పొదిగి, ఎర్రని చుక్కలవలె చెరలాడును. శాన్‌ఫ్రాన్సిస్కోలోని స్టైన్‌హార్ట్ మత్స్యశాలకు చెందిన ఆల్విన్ సీల్, చేపపిల్లలకు ఇది శ్రేష్ఠమగు ఆహారమని 1933 లో వెల్లడించెను. అల్మరలో దాచుకొనిన చిటికెడు పొడి, కావలసిననాడు సజీవమైన ఆహారమగుటచే గృహస్థుని చేతికి గొప్ప బలము వచ్చినది. నేడు మన తీరప్రాంతపు రొయ్యపిల్లల హేచరీలలోను ఆర్టీమియా డబ్బా లేనిది పని జరుగదు.

1934 లో చార్లెస్ క్రీజర్ అను అమెరికను శాస్త్రజ్ఞుడు 'కోపియా' అను పత్రికలో ఒక వ్యాసము ప్రకటించెను. పిండోత్పత్తిశాస్త్రమునకు అనువగు గ్రుడ్లను సంవత్సరము పొడుగునను, కోరినవేళకు, చారల చేపనుండి పొందు విధానమెట్టిదో అందు వివరించెను. కప్పలు ఋతువును బట్టి గ్రుడ్లు పెట్టును. కోడిగ్రుడ్డు పెంకులో దాగియుండును. ఈ చేప మాత్రము నేడు కోరిన రేపు ఉదయము స్ఫటికమువంటి గ్రుడ్ల నిచ్చును. తొట్లచుట్టు కూర్చుండు గృహస్థులు చేతివాటముగా చేయుచుండిన పనికి ఇట్లు లిఖితరూపము లభించి, ప్రయోగశాల ద్వారము తెరచుకొనినది.

ఆ ద్వారమును నిండుగా తెరచినవాడు జార్జి స్ట్రైసింజర్. బుడాపెస్టులో 1927 లో పుట్టి, నాజీల భయముచేత బాల్యముననే కుటుంబముతో అమెరికాకు వలసవచ్చిన ఇతడు, సూక్ష్మజీవులను మ్రింగు వైరసులపై పరిశోధనచేసి ఖ్యాతి నార్జించి, ఆరిగన్ విశ్వవిద్యాలయమున పనిచేయుచు, వెన్నెముక గల ప్రాణియందు జన్యువుల వ్యాపారమును పరిశీలింపగోరెను. ఏ ప్రాణిని ఎన్నుకొనవలెనను ప్రశ్న వచ్చినపుడు అతని మనస్సు చారల చేపమీదికి పోవుటకు కారణము అతడు స్వయముగా ఉష్ణదేశపు చేపలను ఇంట పెంచు వేడుక కలవాడగుటయే. ప్రక్కనున్న ఆల్బనీ పట్టణమున పెంపుడుచేపల దుకాణములో వేర్వేరు కాలములందు కొనిన చేపలనుండి రెండు సంతతులు పెంచి, వానిని కలుపగా ఏర్పడినదే 'ఏబి' అని నేటికిని ప్రపంచమంతట వాడబడుచున్న వంశము. 1981 లో అతడు తండ్రి జన్యువుల ప్రమేయము లేకుండ, తల్లి జన్యువులతోనే సంపూర్ణముగా ఏకరూపములగు చేపలను సృజించిన విధానమును 'నేచర్' పత్రికలో వెల్లడించెను. మూడేండ్లకే, 1984 లో, ఈ మార్గము రాజపథమగుటను చూడకుండగనే మరణించెను. జర్మనీలోని ట్యూబింగెన్ నగరమున క్రిస్టియానె న్యూస్లైన్-ఫోల్హార్డ్ నాయకత్వమునను, అమెరికాలో బోస్టన్ నగరమునను జరిగిన మహాపరిశోధనల ఫలితములు 1996 లో 'డెవలప్‌మెంట్' పత్రిక యొక్క ఒకే సంచికలో ముప్పదికి పైబడిన వ్యాసములుగా వెలువడినవి. ట్యూబింగెన్ పరిశోధనకు ఆధారమైన చేపలును దుకాణమున కొనినవే. 2013 లో ఈ చేప జన్యుపటము ప్రకటింపబడినపుడు, మానవుని జన్యువులలో నూటికి డెబ్బదింటికి సాటిరాగల జన్యువులు దీనియందు ఉన్నవని తేలినది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. పరిశోధనాలయమునందును ఈ చేపపై పరిశోధనలు సాగుచున్నవి. కోసీ పొలముల ప్రాణి ఆ విధముగా పెద్దలోకమును చుట్టి, మన హైదరాబాదుకు చేరినది.

ఇంటి పెంపకము ఈ చేపకు ఆశ్రయమే కాక, దాని దేహముపై తన ముద్రనుగూడ వేసినది. ఆడుదో మగదో నిర్ణయించు జన్యుభాగము అడవిచేపలలో నాలుగవ క్రోమోజోమునందున్నదనియు, ఏబి, ట్యూబింగెన్ వంటి తొట్టి వంశములలో ఆ నిర్ణాయకము లోపించినదనియు 2014 లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. ఈ రహస్యము తెలియుటకు వారు మరల బంగాళమునందలి నదియా, కూచ్‌బిహారు ప్రాంతములనుండి వచ్చిన సంతతులను పరీక్షింపవలసివచ్చినది. తరతరములుగా తొట్లలో ఏ జంటను ఏ జంటతో కలిపిరో, ఏ ఊరినుండి చేపలు తెప్పించిరో, ఎన్ని మార్లు వంశము క్షీణించి కొలదిచేపలనుండి మరల వృద్ధిపొందెనో చెప్పగల లెక్క యెచ్చటను లేదు. దుకాణమునకు చేపలమ్మిన పెంపకందారు వ్రాయలేదు, కొనినవాడు అడుగలేదు. హామిల్టనుకు పేరు చెప్పిన జాలరివలెనే, ఆ వంశమును గోలీల సందులలో కాపాడిన చేతులు చరిత్రలో పేరులేనివై పోయినవి. ఇది నాకు మిక్కిలి విచారము కలిగించు విషయము. విద్య యున్నది, ఫలితమున్నది. నడుమనున్న మనిషి లేడు.

ఈ లోపము నేడు మనదేశమునందును కొనసాగుచున్నది. కలకత్తా చుట్టుపట్ల గ్రామములలోను, చెన్నపట్టణపు కొళత్తూరు పేటలోను, పెరటి సిమెంటు తొట్లలోను మేడమీది ప్లాస్టిక్ డబ్బాలలోను చేపలను పొదిగించి జీవించు కుటుంబములు అనేకములు కలవు. మన నగరముల అక్వేరియం దుకాణములలోని చిన్నచేపలలో పెక్కు అట్టి పెరళ్లలో పుట్టినవే. ఆ యిండ్లలో ఏ నీటికి ఏ చేప గ్రుడ్డు చల్లునో, ఏ వానకు ఏది స్పందించునో, ఏ ఆకు వేసినచో బూజు తగ్గునో చూపుమాత్రమున చెప్పగల స్త్రీలు, వృద్ధులు కలరు. వారి జ్ఞానము వారి వ్రేళ్లయందే యున్నది, కాగితముమీద లేదు.

చదువరులకు నా విన్నపము చిన్నది. మీ యింట చేపల తొట్టి యున్నచో, దాని ప్రక్కన ఒక నోటుపుస్తకము నుంచుడు. చేపలను కొనిన తేది, ఊరు, దుకాణము, నీటి వెచ్చదనము, గ్రుడ్లు చల్లిన వేళ, బ్రతికిన పిల్లల సంఖ్య, ఏమి పెట్టగా బ్రతికినవో, ఏమి చేయగా చచ్చినవో వ్రాయుడు. బడిలో బోధించువారు ఒక చారల చేపల తొట్టిని తరగతిలో నుంచి, పిల్లలచేత ఆ పుస్తకమును వ్రాయింపుడు. పెంచిన చేపలను మాత్రము చెరువులలోనికి, కాలువలలోనికి విడువకుడు. ఆ నీళ్లకు తమ చేపలు తమకున్నవి. పుస్తకము నిండిన తరువాత దాని మొదటిపుటపై మీ పేరును, మీకీ విద్య నేర్పినవారి పేరును తప్పక వ్రాయుడు.